నాగేంద్రమ్మ ఊపిరి

ఆ ఏడు మామిడి పూత పిందె కట్టే వేళకు నాగేంద్రమ్మ నడుం వాల్చడం మానేసింది. వెల్లకిలా ఒరిగితే చాలు, ఊపిరి ఆడేది కాదు. గోడకు దిండ్లు వేసుకుని కూర్చునే కునికేది.

అంతకు రెండేళ్ల ముందు ఆమెకు రొమ్ములో కేన్సరు గడ్డ తీశారు. తగ్గిపోయిందనే అందరూ అనుకున్నారు. విస్సన్నపేట దగ్గర వాళ్ల మామిడితోట పనంతా ఆమే చూసేది. భర్త హనుమయ్య వరి పొలం చూసుకునేవాడు. తోటదాకా నడిచేలోపే ఆమె దారిలో కూర్చోవాల్సి రావడంతో ఆయనకు భయం పట్టుకుంది. నూజివీడు డాక్టరు ఎక్స్‌రే తీయించి, కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని బెజవాడ పంపాడు.

అక్కడ డాక్టర్ సత్యనారాయణమూర్తి ఆమెను ముందుకు వంగి కూర్చోమని, వీపులో సూది గుచ్చి నీరు లాగాడు. సీసాలోకి ఎర్రటి నీరు దిగింది. సాయంత్రానికి ఆమె ఆయాసం లేకుండా మాట్లాడింది, అన్నం తింది. ఆ నీటిని పరీక్ష చేయిస్తే పాత జబ్బే తిరగబెట్టిందని తేలింది.

హనుమయ్య వరండాలో డాక్టరు చేతులు పట్టుకున్నాడు. "దానికి చెప్పకండి డాక్టరు గారూ. ఒట్టి నిమ్ము చేరిందని చెప్పండి."

కొద్ది రోజులకే నీరు మళ్లీ నిండింది. ఈసారి నాగేంద్రమ్మ మంచినీళ్లు తెమ్మని భర్తను కిందికి పంపి, డాక్టరునే అడిగింది.

"మీరన్నట్టు ఒట్టి నిమ్మే అయితే మందుకు తగ్గాలి గదండీ. మళ్లీ ఎందుకొచ్చింది? చెప్పండి, నేనేం గోల చెయ్యను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పాత జబ్బేనమ్మా. ఊపిరితిత్తి మీదొక పొర, పక్కటెముకల లోపలొక పొర ఉంటాయి. వాటి మధ్య నీరు ఊరుతోంది. గొట్టం వేసి అంతా దించి, లోపలికి టెట్రాసైక్లిన్ మందు ఎక్కిస్తే పొరలు అతుక్కుంటాయి. నీరు చేరడానికి చోటుండదు. నొప్పి బాగా ఉంటుంది. అందరికీ పనిచేస్తుందనీ చెప్పలేను."

"జబ్బు పోద్దా?"

"పోదు. ఊపిరి సులువవుతుంది."

"పడుకోగలనా?"

"పనిచేస్తే పడుకోవచ్చు."

"అయితే వెయ్యండి."

హనుమయ్య నీళ్లతో రాగానే, తనకంతా తెలిసిందని ఆమే చెప్పేసింది. ఆయన చెంబు కింద పెట్టి, అటు తిరిగి ఏడ్చాడు.

"ఇన్నాళ్లూ మీరొక్కరే మోసుకు తిరుగుతున్నారా?" అని ఆమె కోప్పడింది.

పక్కటెముకల మధ్య మత్తు సూది ఇచ్చి గొట్టం వేశారు. నీరంతా దిగాక మందు ఎక్కించి, అది బయటికి రాకుండా గొట్టం మూసి బిగించారు. మందు అన్నివైపులా అంటాలని నర్సు కృపావతి ఆమెను ఇటూ అటూ తిప్పి పడుకోబెట్టింది. లోపల కారం పూసినట్టు మండింది. నాగేంద్రమ్మ భర్త మణికట్టు గోళ్లు దిగేలా పట్టుకుంది. ఆ తర్వాత జ్వరం కూడా వచ్చింది.

గొట్టం తీసేశాక ఒక మధ్యాహ్నం ఆమె దిండ్లు పక్కకు తోసి, వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. గురక కూడా పెట్టింది. టెంపరేచరు చూడ్డానికి కృపావతి లేపబోతే హనుమయ్య అడ్డుపడ్డాడు. "కాసేపు ఉండనివ్వమ్మా."

ఆ వేసవిలో ఆమె ఆయన్ను తోటలో చెట్టు చెట్టుకూ తిప్పింది. ఏ కాయ ముందు కోయాలో, ఏ కూలీ కొమ్మలు విరుస్తాడో చెప్పింది. కుడివైపు నీరు మళ్లీ చేరలేదు. జబ్బు ఎముకలకు పాకి, దసరా వెళ్లాక ఆమె పోయింది.

మరుసటి ఏడు కోత హనుమయ్యే దగ్గరుండి చేయించాడు.