ఆరున్నొకటి

ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఏడంటే ఏడుపని భయం కాబట్టి ఏడో కుంచం ఆరున్నొకటి అవుతుంది. అవనిగడ్డ పక్క పల్లెలో అత్తింటికి కాపురానికొచ్చిన నాటినుంచి దంపుడు ధాన్యం కొలిచే పని మంగతాయారుదే. నడుం విరిగిపోతున్నా ఆమె కొలతలో గింజ తేడా రాలేదు. ఆ మాట మెచ్చుకోలుగా అన్నవాళ్లు మాత్రం లేరు.

కూతురు సీతామహాలక్ష్మి ఆ కుంచం పక్కనే కూర్చుని లెక్క నేర్చింది. మూడేళ్లప్పుడు చింతపిక్కల్ని దూరందూరంగా పరిస్తే ఎక్కువయ్యాయని సంబరపడేది. అయిదో ఏట, "పరిచినా పోగేసినా అవేగా అమ్మా," అని తల్లినే వెక్కిరించింది. ఎవరూ చెప్పకుండా పసిబుర్ర అంత దూరం ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోతూ మంగతాయారు ఆ పూట అన్నం మాడబెట్టింది. దానికి తిట్లూ తింది.

బళ్లో వేసిన నెలకే మేష్టారు మంగతాయారు భర్త శోభనాద్రిని పిలిపించి పిల్లకి లెక్కల బుర్ర లేదన్నారు. అంకెలు చెప్పమంటే లాభం అని మొదలెడుతోందట, అరచేతులు వాచేలా కొట్టినా మానదట. తల్లి పోలికేగా, బడి మాని తమ్ముణ్ణి ఎత్తుకోమను అన్నాడు శోభనాద్రి ఇంటికొచ్చి. అత్తగారికీ అదే బాగుందనిపించింది.

మంగతాయారు పలక తీసి చూసింది. ఆరు తరవాత పిల్ల 61 వేసింది. ఆరు, పక్కన ఒకటి. విన్నది విన్నట్టే రాసింది. దాని మీద పెద్ద అడ్డగీత. తను నేర్పిన మాటకే కదా పిల్ల దెబ్బలు తిన్నది. భర్తకు చెప్పబోతే, "నీకేం తెలుసు లెక్కలు?" అని కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. పిల్లని ఒళ్లోకి తీసుకుని, నువ్వు బాగానే ఆలోచించావే అంది.

"నాకు బుర్ర లేదుగా అమ్మా," అంది సీత, ఊరూ పేరూ చెప్పినంత మామూలుగా. నెల రోజుల్లో బడి నేర్పింది అదొక్కటే.

మర్నాడు పొద్దున దంపుళ్లకొచ్చిన అంకమ్మ గోనె పట్టింది. మంగతాయారు కుంచం నింపి, "ఒకటి," అంది. అంకమ్మ బిత్తరపోయింది. ఏడో కుంచానికి ఏడు అనేసరికి అత్తగారు వాకిట్లోంచి పరుగున వచ్చి, పచ్చని కొంపలో ఆ మాటేమిటని నెత్తి బాదుకుంది.

"ధాన్యం ఏడిస్తే ఏడవనీండి అత్తయ్యా. రేపట్నుంచి పిల్ల బడికెళ్తుంది. మేష్టారితో నేనే మాట్లాడతాను."

అని, ఎనిమిదో కుంచం నింపి, ఇదెంతో చెప్పమ్మా అని కూతురి వైపు తిరిగింది. గుమ్మం పక్కన నిలబడ్డ సీత రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.