జాకరమ్మ మలుపులో ఎర్రలైటు

గాసి గోనెపట్టాతో వ్యాను అద్దం మీది మంచు తుడిచి, సీటెక్కి తాళం తిప్పాడు. ఇంజిను అందుకోక ముందు ఎర్రలైటు వెలగాలి, వెలిగింది. అందుకున్నాక ఆరాలి, ఆరింది.

"ఇంత బుద్ధిమంతురాలివి, మలుపుకాడికెల్తే నీకేటొత్తాది?" అన్నాడు దానితో.

బ్యాటరీ బొమ్మ వేసిన ఆ లైటు జొన్నగింజంత ఉంటుంది. నెల రోజులుగా అతనికి కూడూ నిద్రా లేకుండా చేస్తున్నది ఆ గింజే. నిన్న బండి యజమాని ప్రసాద్ మాట తేల్చేశాడు. చీకటి పడ్డాక ఘాటురోడ్డులో బండి ఆగిపోతే ఊళ్లో తలెత్తుకోలేననీ, ఇవాళ సాయంత్రం ట్రిప్పులో కూడా లైటు వెలిగితే రేపు పాతఇనుము వాణ్ణి పిలుస్తాననీ అన్నాడు. గాసికి యాభై దాటాయి. ఈ వ్యాను తప్ప ఇంకో బండి నడిపి ఎరగడు. పెళ్లిచూపులకి కూడా దీన్లోనే వెళ్లాడు. పిల్ల తండ్రి పెళ్లికొడుకు కంటే బండినే ఎక్కువసేపు పరీక్షించాడు. సంబంధం కుదరలేదు. బండి మిగిలింది.

పనసపుట్టులో జనం ఎక్కారు. వెనక సీట్లో అడ్డాకుల మోపుతో బుధు, పక్కనే ఇద్దరు మనుషుల చోటు ఆక్రమించి కాఫీగింజల వ్యాపారి మంగ్లు. ముందు సీటు కింద ఇంజిను ఉంటుంది కాబట్టి చలికాలంలో అక్కడ పొయ్యి పక్కన కూర్చున్నట్టుంటుంది. అయినా దాన్ని ఎవరూ అడగరు. అది ఆనందమ్మది.

ఆనందమ్మ చింతపల్లి మిషను హాస్టల్లో వంటమనిషి. గాసి ఆరో తరగతిలో ఆ హాస్టల్లోంచి పారిపోయేదాకా ఆమె వండిన జావే తాగాడు. ఆమె లెక్కలో అతను ఇంకా ఆరో తరగతే.

"గుంటడా, బేగి తలుపు తియ్యి. మోకాళ్లు సచ్చిపోతన్నాయి."

సీటెక్కి, అడుగున ఇనప పొన్ను తొడిగిన చేతికర్రను రెండు సీట్ల సందులో నిలబెట్టుకుని కూర్చుంది.

జాకరమ్మ మలుపులో బళ్లన్నీ ఆగుతాయి. దిగి, కొండదేవత జాకరమ్మ తల్లి రాయి ముందు ఓ ఆకుల రెమ్మ వేసి ఎక్కాలి. ఆ పని బుధుది. ఆ కాసేపూ ఆనందమ్మ కళ్లు మూసుకుని, కర్ర మీద రెండు చేతులూ వేసి, ముందుకు వాలి, బయటికి వినబడేలా యేసుప్రభువుకి ప్రార్థన చేస్తుంది. గాసి లైటు వైపు చూస్తాడు. ఇవాళ కూడా వెలిగింది.

"ఎలిగిందేటి?" అన్నాడు మంగ్లు వెనకనించి.

"ఎలిగింది."

బుధు ఎక్కుతూ, "తల్లికి కోపమొచ్చింది. ఆమె గుమ్మంలో కూకొని ఇంకొకల్ని పిలిత్తే ఊరుకుంటాదేటి?" అన్నాడు.

"ఆమెన్," అంది ఆనందమ్మ, కళ్లు తెరవకుండానే. "ఒరే బుధూ, మీ తల్లికి కోపమొత్తే నీకు జొరం రావాల గానీ బండికెందుకొత్తాది? ఇది మా పెబువు కబురు. గాసీ, ఆదివారం చర్చికి రా, అని."

గాసి ఇద్దరి మాటా కాదనలేదు. రాయి దగ్గర అగరొత్తి వెలిగించాడు, చర్చికి వస్తానని తలూపాడు. లైటు ఎవరి పక్షమూ వహించలేదు. అంతకుముందు ఒకనాడు, ముందు సీటు మీది బరువు వల్లేమో తేలుద్దామని ఆనందమ్మను వెనక్కి పంపి మంగ్లును ముందు కూర్చోబెట్టారు. వెలగలేదు.

"నా బరువు మంచిదే," అన్నాడు మంగ్లు సంతోషంగా.

"మరి నా బరువేటి, పాపిష్టిదా?" అంది ఆనందమ్మ. ఆ పూట చింతపల్లి దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మధ్యాహ్నం మెకానిక్కు కామేష్ మళ్లీ బానెట్టు ఎత్తాడు. బెల్టు బిగించడం అయింది, బల్బు మార్చడం అయింది, బ్యాటరీ మూతుల మీది బూజు గీకడం అయింది. ఈసారి మీటరు పెట్టాడు. గాసి చెప్పులు విప్పి మరీ నిలబడ్డాడు.

"ఛార్జింగు బంగారంనాగున్నాది. రోగం బండికి నేదు మావా, నీ కళ్లకున్నాది."

"మలుపులో వొత్తాదిరా. ఇక్కడ రాదు."

"అయితే బల్బు పీకీనా? ఇంకెక్కడా ఎలగదు. పెసాదుబాబుకి తెలీదు."

రేపటి నుంచి బండి లేని పొద్దు ఎలా గడుస్తుందో గాసి ఊహకే అందలేదు. అయినా తల అడ్డంగా ఊపాడు. "వొద్దు. నొప్పి సెప్పుకునే నోరది. నోరు కుట్టీత్తే నొప్పి పోద్దేటి?"

సాయంత్రం ఆనందమ్మ ఆలస్యంగా వచ్చింది. హాస్టలు గేటు నుంచి వ్యాను దాకా వచ్చేలోపు రెండుచోట్ల ఆగింది. సీటెక్కి ఊపిరి కూడదీసుకుని, రోజూలాగే కొంగుముడి విప్పి ఉడికించిన గుడ్డు అతని చేతిలో పెట్టింది.

"తిను. మొకం సూడు, బండి కన్నా ముందు నువ్వాగిపోయేలాగున్నావు. ఈయేల నీ బండికోసం పెద్ద పార్థన సేత్తాను."

అన్నట్టే ఊరు దాటగానే కర్ర మీదకి వాలి మొదలుపెట్టింది. లైటు కూడా అప్పుడే మొదలుపెట్టింది. ఘాటు దిగుతున్నంతసేపూ ఎర్రగా వెలుగుతూనే ఉంది. గాసి సగం తిన్న గుడ్డు పక్కన పెట్టేశాడు. మలుపులో ఆగాడు. బుధు ఈసారి పెద్ద కొమ్మే విరిచి వేశాడు. బండి కదిలింది.

లైటు ఓసారి రెపరెపలాడి ఆరిపోయింది.

గాసి నమ్మలేదు. తరువాతి వంపు దాటాడు. లేదు. గతుకుల్లో కావాలనే కుదిపాడు. లేదు.

"ఆరింది!" అని అరిచాడు. "ఒలమ్మో, ఆరిపోయింది!"

వ్యానంతా చప్పట్లు కొట్టింది.

"తల్లి సల్లబడింది," అన్నాడు బుధు.

"ముసలమ్మ పార్థన," అన్నాడు మంగ్లు.

"పెద్దమ్మా, నువ్వే గెలిసినావు. ఆదివారం చర్చికొత్తాను. ఒట్టు."

ఆనందమ్మ మాట్లాడలేదు. తల సీటుకి ఆనించి ఉంది, చేతులు ఒళ్లో ఉన్నాయి. ఇంటికెళ్లేటప్పుడు ఆమెకు కునుకు పట్టడం మామూలే. గాసి గతుకులు తప్పించి, మెల్లగా నడిపాడు.

పనసపుట్టులో రోజూలాగే చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీశాడు.

"పెద్దమ్మా, ఊరొచ్చింది."

భుజం తట్టి లేపబోయాడు. ఊపిరి లేదు. తరువాత వెళ్లి ఇంజిను ఆపాడు.

లైటు ఆరిందని విని ప్రసాద్ పాతఇనుము వాణ్ణి పిలవలేదు. గాసి ఒట్టు ప్రకారం ఆదివారం చర్చికి వెళ్లాడు. వెనక బెంచీలో, అందరూ లేచినప్పుడు కూర్చుని, కూర్చున్నప్పుడు లేచాడు. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు చలి కొరికేస్తున్నా ముందు సీటులో ఎవరూ కూర్చోలేదు. కర్ర సందులో అలాగే ఉండిపోయింది. మలుపులో బుధు దిగాడు. రెమ్మ ఎక్కడ పడుతుందో చూద్దామని గాసి ఆ పక్కకి ఒరిగి, కర్ర మీద మోచెయ్యి ఆనించాడు.

ఎర్రలైటు వెలిగింది.

మోచెయ్యి తీశాడు. ఆరింది. మళ్లీ నొక్కాడు. వెలిగింది.

ఇంజిను ఆపి, దిగి సీటు ఎత్తి చూశాడు. లైటుకి వెళ్లే తీగ సరిగ్గా కర్ర పొన్ను ఆనే చోటే ఉంది. దాని మీది తొడుగు రూపాయి బిళ్లంత మేర చితికిపోయింది. కర్ర మీద బరువు పడినప్పుడల్లా పొన్ను ఆ తీగను బండి రేకుకి అదుముతోంది. బండికి ఏ రోగమూ లేదు. ఆమె కర్ర మీద వాలితే వెలిగేది, చేతులు తీస్తే ఆరేది. అంతే.

ఆ సాయంత్రం అది ఎప్పుడు ఆరిందో గాసికి గుర్తుంది. మలుపు దాటాక. తను అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏటి సూత్తన్నావు?" అన్నాడు బుధు, చేతులు దులుపుకుంటూ.

"ఏటీ నేదు. తీగ."

తీగకి టేపు చుట్టి సీటు దించాడు. కర్రను మాత్రం తీసిన చోటే మళ్లీ నిలబెట్టాడు. బండి కదిలింది. ముసలి అరచేతి రాపిడికి నున్నబడిన పిడితో ఆ కర్ర, ఖాళీ సీటు పక్కన, మలుపు మలుపుకీ కొంచెం అటూ కొంచెం ఇటూ ఒరుగుతూ నిలబడే ఉంది.