తడి ఆరని రాజద్రోహం

కువైట్‌లో, ఫింటాస్‌లోని తమ ఫ్లాటులో జాయ్సీకి బాల్కనీ అంటే ప్రాణం. అక్కడ నిలబడితే రెండు మేడల సందులోంచి చీర అంచంత సముద్రం కనిపిస్తుంది. కొత్త పెళ్ళికూతురికి ఇంకేం కావాలి! అమలాపురం నుంచి రాగానే అక్కడ కొత్తిమీర కుండీ పెట్టి, రోజూ పొద్దున్నే దాన్ని పలకరించేది.

అలాంటి బాల్కనీకి రాజబాబు తాళం వేశాడు.

"దుమ్మొస్తోందే. కొన్నాళ్ళు అటెళ్ళకు," అన్నాడు.

దుమ్ముకి తాళమెందుకు? పైగా తను మాత్రం సాయంత్రం రాగానే అందులో దూరి టకటకా ఏదో కొడుతున్నాడు. అతను అమెరికన్ స్కూల్లో వడ్రంగం గదికి సహాయకుడు. చొక్కా చేతులకి రంపప్పొట్టు అంటాలి గానీ, ఈ నల్ల మరకలేమిటి? దగ్గరికొస్తే ఈ నూనె కంపేమిటి?

పక్క ఫ్లాటు కుక్కుటేశ్వరరావు మెట్ల మీద ఆపాడు. పిఠాపురం మనిషి, కువైట్‌లోనే తల నెరిసింది.

"అమ్మాయ్, మీ ఆయన ఏమైనా అచ్చేస్తున్నాడా? మా వంటింటి కిటికీలోంచి ఆరేసిన కాయితాలు కనబడ్డాయి. దొంగ అచ్చని తేలితే ఇఖామా ఖలాస్, ఈ దేశంలో ఉండనివ్వరు!"

"ఆయనకి ఇస్త్రీయే రాదు బాబాయ్ గారూ, అచ్చెక్కడేస్తారు!" అని నవ్వేసింది గానీ, ఇంట్లోకి రాగానే బాల్కనీ తాళం లాగి చూసింది.

మర్నాడు అతను స్నానానికెళ్ళగానే చొక్కా జేబులోంచి తాళంచెవి తీసింది.

కొత్తిమీర కుండీ మూలకి నెట్టేసి ఉంది. దాని చోట పొడుగాటి పిడి ఉన్న చెక్క యంత్రం. తను ముచ్చటపడి కొన్న గులాబీ రంగు క్లిప్పులతో తాడు నిండా కాయితాలు. పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు: రాజుకు పన్ను కట్టకండి. రాజు సైనికులకు చోటివ్వకండి. కింద పేరు లేదు, 'ఒక స్వేచ్ఛాప్రియుడు' అని మాత్రం ఉంది.

ఎమీరు ఏలే దేశంలోనా! కొత్త మిక్సీ, కర్టెన్లు అన్నీ వదిలి విమానమెక్కుతున్నట్టే అనిపించింది. దొరికిన కాయితమల్లా లాగి బకెట్లో ముంచేసింది.

"అయ్యో, నా పత్రిక!" తువ్వాలుతోనే పరుగెత్తుకొచ్చాడు రాజబాబు.

"ఏ గుంపులో చేరారండీ? నిజం చెప్పండి!"

"గుంపేంటే! రేపు స్కూల్లో ప్రదర్శన. అమెరికా వాళ్ళు ఇంగ్లండు రాజు మీద తిరగబడ్డప్పుడు పత్రిక అచ్చేసి జనాన్ని లేపినోడి వేషం నాది. మోకాళ్ళ దాకా పంట్లాం, మూడు కోణాల టోపీ. చూస్తే నవ్వుతావని చెప్పలేదు."

జాయ్సీ నవ్వలేదు. ఇంకా నమ్మకం కుదరలేదు.

"మరి ఏ రాజో, ఏ సంవత్సరమో వెయ్యలేదేం?"

"1774 వేద్దామనుకున్నా. అచ్చుల పెట్టెలో ఏడంకె ఒకటే ఉంది."

బీయే చరిత్ర చదివిన పిల్ల నడుం మీద చేతులు వేసుకుంది. "అయితే 1765 వెయ్యండి! స్టాంపు పన్ను గొడవ అప్పుడేగా? పైన జార్జి రాజు అని కూడా పెట్టండి."

ఇద్దరూ కలిసి మళ్ళీ అచ్చెయ్యడం మొదలెట్టారు. పిడి లాగినప్పుడల్లా కాయితం మీద నల్లగా మెరిసే అక్షరాలు చూసి జాయ్సీ చప్పట్లు కొట్టింది. అంతలో గంట మోగింది.

"కింద కాపలా ఉండే హారిస్‌ని పిలుద్దామనుకున్నా. ముందు నా కళ్ళతో చూద్దామని వచ్చా," అన్నాడు కుక్కుటేశ్వరరావు.

జాయ్సీ కాయితం చేతికిచ్చి, సంవత్సరం చూపించి, కథంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, అక్షరాల మీద వేలితో రుద్దాడు. వేలు నల్లబడింది.

"పదిహేడు వందల అరవై అయిదంటున్నావ్. మరి తడి ఆరలేదేం అమ్మాయ్?"

"మీరే లాగి చూడండి!" అంటూ తీసుకెళ్ళి పిడి చేతికిచ్చింది.

ఆయన అనుమానంగానే లాగాడు. కాయితం పైకెత్తి చూసుకుని, తెలియకుండానే మీసంలో నవ్వాడు. తెల్ల చొక్కా మోచేతి దాకా సిరా.

"ఇప్పుడు పిలవండి బాబాయ్ గారూ. అచ్చేసిన ముగ్గురం కలిసే చెబుదాం."

కుక్కుటేశ్వరరావు తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ముందు సబ్బెక్కడుందో చెప్పమ్మా," అన్నాడు.