మెతుకు కనపడని జావ

యుక్‌లాన్ మొదటి కాన్పులో బిడ్డ మరీ పెద్దది. తల బయటికొచ్చాక భుజాలు ఇరుక్కుపోయాయి. మగపిల్లాడు. ఏడవలేదు. చేపల చెరువు అవతల మల్బరీ గట్టు కింద పూడ్చారు.

మళ్ళీ నెల తప్పిందని తెలియగానే ప్రసూతి కేంద్రం నుంచి నర్సు క్వాన్ వచ్చింది. అత్తాకోడళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నాది పక్కిల్లే. వల బాగుచేసుకుంటూ విన్నాను.

"మీ అమ్మకి షుగరుంది. పోయిన బిడ్డ అంత బరువు. ఈసారి నీకూ రావచ్చు, అమ్మాయ్. ఇంకా రాలేదు, రాకుండా చూసుకుందాం. తీపి మానెయ్. అన్నం తగ్గించు. తిన్నాక నడువు."

"నేనుండగా తీపి దీని నోట్లోకి ఎలా పోతుందో చూస్తా," అంది అత్త ఫుంగ్ అవ్వ.

అన్నట్టే చేసింది. కొడుకు కమ్‌హోయ్ లిచీ పళ్ళు తెస్తే గుమ్మంలోనే ఆపింది.

"పెళ్ళాం మీద ప్రేమా, పగా? పట్టుకెళ్ళి బాతులకెయ్!"

"బాతులకి షుగరొస్తేనో?"

"వాటికి నీకంటే బుద్ధుందిరా, ముట్టుకోవు."

యుక్‌లాన్ పొట్ట పట్టుకుని నవ్వింది. పిల్లాడు పోయాక ఆ పిల్ల నవ్వు వినడం అదే మొదలు. సాయంత్రాలు అత్త వెనక నడుస్తుంటే గట్టు మీద తిరిగేది.

అన్నం తగ్గించడం కాదు, అవ్వ మొత్తం మాన్పించింది. బదులుగా జావ. మా వైపు రోగులకీ, పళ్ళూడిన ముసలాళ్ళకీ జావే. తేలికంటాం. మెతుకు కనపడకుండా ఉడికితేనే వంట వచ్చినట్టు. అవ్వ తెల్లారకముందే పొయ్యి రాజేసి కలుపుతూ నిలబడేది. కోడలు ఆకలన్నప్పుడల్లా గిన్నెడు పోసేది.

"తాగవే. నీళ్ళేగా."

ఆరో నెలలో పరీక్షకి నా బండిలోనే తీసుకెళ్ళాను. రక్తపరీక్ష చూసి క్వాన్ కాగితం పక్కన పెట్టింది.

"వచ్చింది," అంది.

అవ్వ లేచి నిలబడింది. "ఎలా వస్తుంది? పంచదార పలుకు తగల్లేదు దాని నాలిక్కి! అన్నం ముద్ద ముట్టలేదు!"

"మరేం తింటోంది, పెద్దమ్మా?"

"జావ. ఉత్త బియ్యపు జావ. మెతుకు కనపడితే ఒట్టు!"

క్వాన్ గొంతు తగ్గించింది. "అన్నమే కాస్త నిదానంగా అరుగుతుంది, పెద్దమ్మా. అంత కరిగిన బియ్యం తాగీ తాగకముందే రక్తంలో షుగరైపోతుంది. నేనే జావ సంగతి అడగాల్సింది. అది తాగకపోయినా వచ్చేదేమో, ఎవరం చెప్పలేం."

ఆ ఆఖరి మాట అవ్వ చెవికెక్కలేదు.

ఆ తర్వాత రోజూ ఇన్సులిన్ సూదులు. అవ్వ మళ్ళీ పొయ్యి ముట్టలేదు, వంట కమ్‌హోయ్ చేసేవాడు. చేప, ఆకుకూర, గుప్పెడన్నం. "అత్తమ్మా, ఉప్పు చూడండి," అని కోడలు గరిటె చాపితే అవ్వ అటు తిరిగిపోయేది.

ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. ఏడ్చింది. మేమంతా ఊపిరి పీల్చుకునేలోపే పిల్ల ఒళ్ళు వణకడం మొదలైంది. గాజుపెట్టెలో పెట్టి సన్నటి గొట్టంతో ఏదో ఎక్కించారు.

"ఏంటది?" అని అడిగింది అవ్వ.

"చక్కెర నీళ్ళు," అన్నాడు కమ్‌హోయ్. "కడుపులో ఉండగా తల్లి షుగరుకి అలవాటు పడిందట. ఇప్పుడది అందక పిల్లకి షుగరు పడిపోయిందట."

అవ్వ గాజుపెట్టె దగ్గర్నుంచి వెనక్కి జరిగింది.

"నేను పోసిందానికే అలవాటు పడిందన్నమాట," అంది.

పిల్ల తేరుకుంది. తల్లి పక్కలోకి తెచ్చారు.

"ఎత్తుకోండి, అత్తమ్మా," అంది యుక్‌లాన్.

"వాడికివ్వు."

"మీ మనవరాలు."

"తెలుసే. వాడికివ్వు," అంది అవ్వ. మంచానికి దూరంగా, గోడకి ఆనుకునే ఉండిపోయింది.