రాజం మోకాలి కోసం ప్రార్థన

మూడోరోజు మధ్యాహ్నం కూడా అన్నానికి ముందు రాజం మోకాలి కోసం ప్రార్థన మొదలైంది. పాస్టర్ సదానందం కళ్ళు మూసుకుని, చేతులు చాచి, ఆ మోకాలి చిప్పను, దాని కింది గుజ్జును, చుట్టూ ఉన్న నరాలను ఒక్కటీ వదలకుండా ప్రభువుకు అప్పగిస్తున్నాడు. బల్ల మీద పప్పుచారు చల్లారిపోతోంది. సారక్క కళ్ళు మూసుకోలేదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఎవరి దేవుడైతేనేం, వినేటోడు వింటాడని లోపల్లోపల తనూ మొక్కుతోంది: 'దేవుడా, ఈళ్ళ మాట ఇనకు. ఆ మోకాలుకు ఏ రోగం లేదు. అదే మా గాచారం.'

నిజంగానే లేదు. ఆమె మొగుడు రాజం ముప్ఫై ఏళ్ళుగా గోలేటి గనిలో బాయి దిగి బొగ్గు పని చేస్తున్నవాడు. ఆ గనుల కాలనీల్లో తండ్రి డ్యూటీకి పనికిరాడని మెడికల్ బోర్డు రాసిస్తే, ఆ నౌకరి కొడుక్కు వస్తుంది. అందుకని ఎదిగిన కొడుకు ఖాళీగా ఉన్న ఇంట్లో తండ్రి దగ్గితే అందరికీ కాస్త ఆశ పుడుతుంది. రాజానికి దగ్గు కూడా రాలేదు. చివరికి ఇంటిల్లిపాదీ కూర్చుని మోకాలు ఖాయం చేశారు. ఏడాది పాటు ఆయన కుంటడం నేర్చుకున్నాడు. మొదట్లో ఏ కాలో మరిచిపోయేవాడు. సారక్క గుమ్మంలో నిలబడి గుర్తు చేసి పంపేది.

బోర్డు డాక్టర్లు కూర్చోమన్నారు, లేవమన్నారు, ఫోటో తీశారు, ఫిట్ అని రాశారు. మీకు ఏ జబ్బూ లేదన్న కబురు మోసుకొచ్చిన రోజు ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. కొడుకు భూపాల్ ఒక్కటే మాట అన్నాడు.

"గీ పని గూడ నీతోని కాకపాయె, నాయినా."

తెల్లారి ఫస్టు షిఫ్టు అని టిఫిను డబ్బా పట్టుకుని వెళ్ళిన రాజం బాయి దాకా చేరలేదు. ఇవాళ్టికి పన్నెండు రోజులు. గోదావరిఖని బస్సు ఎక్కుతుంటే చూశానని ఎవరో అంటే సారక్క ఈ ఊరికి వచ్చింది. ఇక్కడే ఎనిమిదో ఇంక్లైన్ గని కాలనీలో పెద్దమ్మ కూతురి ఇల్లు ఉంది. కానీ అక్కడ చెప్పిన మాట సెకండ్ షిఫ్టు ఎక్కేలోగా నస్పూర్ గనుల దాకా పోతుంది. మొగుడు ఇల్లు విడిచిపోయాడని చెప్పుకుంటూ చుట్టాల ఇంట్లో కూర్చోవడం కన్నా ముక్కూ మొహం తెలియనివాళ్ళ పంచే నయమనుకుంది.

ఆ పంచ బస్టాండు వెనక సందులో ఉంది. బేతనియ విశ్రాంతి గృహం అని గేటు మీద రాసి, దాని కింద అంతకన్నా పెద్ద అక్షరాల్లో చెప్పులు ఇక్కడ విడువుడి అని రాశారు. దవాఖానకు వచ్చినవాళ్ళు, పరీక్షలకు వచ్చినవాళ్ళు, బస్సు తప్పినవాళ్ళు ఎవరైనా వారం రోజులు ఉండొచ్చు. తిండీ పడకా ఊరికే. పాస్టర్ భార్య అనసూర్య చూసుకుంటుంది. మొదటిరోజు సారక్క, అన్నం పెట్టినందుకు బొట్టు తీయిస్తారేమోనని నుదురు తడుముకుంటూ తిన్నది. ఎవరూ తీయమనలేదు. ప్రార్థన అంశం చెప్పమన్నారు, అంతే. అక్కడ దిగిన ప్రతి మనిషి కష్టాన్ని అనసూర్య గోడకున్న నల్లబల్ల మీద రాస్తుంది. అన్నం ముందు కూర్చున్నవాళ్ళందరూ ఒకరి కష్టం కోసం ఒకరు మొక్కాలి.

"ఏమని రాయాలె చెల్లె?" అని సుద్దముక్క పట్టుకుని అడిగింది అనసూర్య.

నా మొగుడు కనపడుతలేడు అనాలి. గొంతు దాకా వచ్చింది. కానీ నాలుకకు ఏడాది అలవాటు.

"మా ఆయనకు మోకాలు నొప్పక్కా."

"ఏడున్నడు?"

"దవాఖానల వేసినం."

"అయ్యో! రేపు నేను, పాస్టరుగారు వచ్చి చూస్తం."

"ఎవ్వల్ని రానిస్తలేరక్కా," అన్నది సారక్క. రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

పొద్దున వంటింట్లో చేయి వేసేది. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని భయం. రామగుండం స్టేషన్లో దిక్కులేక పడి ఉన్నవాళ్ళకు అనసూర్య రోజూ నలభై పొట్లాలు తీసుకుపోయేది. వాటిని సారక్క కట్టేది. మధ్యాహ్నం దవాఖానకని చెప్పి ఊరు మీద పడేది. బస్టాండు, కల్లు దుకాణాలు, బాయి గేట్లు, నిజంగానే దవాఖాన వార్డులు, చివరికి దాని వెనకున్న శవాల గది. అక్కడి మనిషి ఎవల కోసమని అడిగితే, తోవ తప్పి వచ్చినని చెప్పింది. నిన్న గోదావరి బ్రిడ్జి మీద కడ్డీలు పట్టుకుని నీళ్ళకేసి ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. కింద తెప్ప మీది మనిషి, "ఏం పడ్డదవ్వా?" అని అరిచాడు.

"చెప్పు," అని అరిచింది సారక్క.

ఆయన పాపం నిజంగానే కాసేపు వెతికాడు.

"ఆమెన్," అన్నాడు సదానందం. అందరూ కళ్ళు తెరిచారు. ఎదురుగా కూర్చున్న మీనాక్షమ్మ మాత్రం సారక్కనే చూస్తోంది. మంథని నుంచి వచ్చింది ఆవిడ. భర్తకు దవాఖానలో ఆపరేషన్. ఈ బల్ల దగ్గర తాను తెచ్చుకున్న అటుకులు తప్ప ఏదీ ముట్టదు గానీ, ప్రార్థనకు మాత్రం అందరికన్నా ముందు వచ్చి కూర్చుంటుంది.

"ఏమ్మా సారక్కా, మొన్న కుడి మోకాలన్నావు. నిన్న ఎడమది అన్నావు. నా దగ్గర మంచి తైలం ఉంది. ఏ కాలికి పంపను?"

"రెండిటికి రాస్త తియ్యమ్మా."

"మరి నడిచేది దేనితో?"

బల్ల చుట్టూ నవ్వారు. సారక్క పళ్ళెంలోకి వంగింది. ఆమెను కాపాడదామనో ఏమో, అప్పుడే స్టేషన్ నుంచి వచ్చి చారు వడ్డిస్తున్న అనసూర్య మాట మార్చింది.

"చెల్లె, ఇయ్యాల పులిహోరల నీ చెయ్యి పడ్డది గదా, నువ్వులపొడి కొట్టి. నాలుగు దినాల సంది ఒకాయన ప్లాట్‌ఫారం చివర కూసుంటుండె. పొట్లం ఇస్తే తలకాయ ఎత్తకుంట తినేటోడు. ఇయ్యాల ముద్ద నోట్ల పెట్టుకొని ఆగిపోయిండు. ఎవలు వండిన్రు అన్నడు. గోలేటి నుంచి ఒక చెల్లె వచ్చింది, పాపం పెనిమిటికి మోకాలు మంచిగ లేదు, నువ్వు గూడ ప్రార్థన చెయ్యన్నా అన్న."

సారక్క చేతిలో ముద్ద అలాగే ఉంది.

"నవ్విండు చెల్లె. గట్ల నవ్విన మనిషిని నేను చూడలే. నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. పొట్లం మళ్ళ మలిచి, అప్పుడే వచ్చిన కాజీపేట ప్యాసింజర్ ఎక్కిండు. గిన్ని దినాలల్ల ఒక్క బండి ఎక్కనోడు!"

"ఆయనకు కనుబొమ్మ మీద…" సారక్క వేలితో తన కనుబొమ్మ మీద చూపించింది.

"నీలం మచ్చ. బొగ్గు తాకి మానిన మచ్చ. నీకెట్ల ఎరుక?"

సారక్క లేచింది. పళ్ళెం కింద పడింది. ఇక అక్కడే, ఆ ఎంగిలి చేతితోనే, అన్నీ చెప్పేసింది. బోర్డు, ఫిట్, భూపాల్ అన్న మాట, పన్నెండు రోజులు. ఎవరూ అడగకుండానే ఇంకొకటి కూడా చెప్పింది. మళ్ళీ బోర్డుకు పంపమని పెట్టుకునే కాగితం ఒకటి కొడుకు రాయించి ఆమె సంచిలో పెట్టాడు. నాయిన దొరికితే ముందు సంతకం పెట్టించమన్నాడు.

"సరే అని పట్టుకొచ్చిన అక్కా. నేనే పట్టుకొచ్చిన. ఆయనకు అర్థమైంది. ఇది ఈడిదాక వచ్చి గూడ మోకాలు ముచ్చటే చెప్తుందంటే, నన్ను మళ్ళ కుంటించనీకే వచ్చింది అనుకున్నడు. తప్పు అనుకోలే. గట్లనే వచ్చిన."

అనసూర్య చారు గిన్నె కింద పెట్టింది. "మూడు దినాల సంది మంచిగున్న మోకాలుకు మొక్కిస్తివా, తల్లీ!"

తిట్టడానికి అంతే సమయం తీసుకుంది. వెంటనే భర్త మీద అరిచింది. "చూస్తరేంది? బండి ఏడున్నదో చూడున్రి!"

సదానందం అప్పటికే ఫోన్లో రైలు వెతుకుతున్నాడు. "రాఘవాపూర్ల ఆపిన్రు. ఎక్స్‌ప్రెస్ ముందుకు పోవాలె. పెద్దపల్లికి ఇంకో పది నిమిషాలు."

పెద్దపల్లి స్టేషన్లో ప్రయాణికులకు మంచినీళ్ళు పోసే మమత వీళ్ళ చర్చి సంఘం పిల్లే. అనసూర్య ఫోన్ చేసింది. నీలం మచ్చ, తెల్ల గడ్డం, చేతిలో పొట్లం. పెట్టె పెట్టె ఎక్కి చూడు.

"దొరికితే ఏమని చెప్పాలక్కా?" అంది మమత. "నేను రమ్మంటే వస్తడా?"

అనసూర్య ఫోన్‌ను సారక్క నోటి ముందు పెట్టింది. "నువ్వు చెప్పు. నీ గొంతు ఫోన్ల పట్టి పంపుతం. ఆమె ఇనిపిస్తది."

సారక్క గొంతు సవరించుకుంది. "ఓ భూపాల్ నాయినా…" అని ఆగిపోయింది. భూపాల్ పుట్టినప్పటి నుంచీ అదే పిలుపు. కానీ ఇవాళ ఆ పేరు వింటే ఆయన ఇంకో నాలుగు స్టేషన్లు అవతలికి పోతాడు.

"అది కొట్టెయ్యక్కా. మళ్ళ పట్టు."

అనసూర్య మళ్ళీ నొక్కింది.

"ఓ రాజం," అంది సారక్క. ఆఫీసుల్లో ఎవరైనా అడిగితే తప్ప ఆ పేరు ఎన్నడూ పలికింది లేదు. "నేను సారక్కను. ఇంకొక్క మాట అబద్ధం చెప్పితే నా నోరు పడిపోను. నా సంచిల ఒక కాయిదం ఉన్నది. మళ్ళ బోర్డుకు పొయ్యే కాయిదం. ఇగో, ఇను."

మీనాక్షమ్మ అప్పటికే సంచి అందించింది. సారక్క కాగితం తీసి ఫోన్‌కు దగ్గరగా పెట్టి చింపింది. నిలువుగా, మళ్ళీ అడ్డంగా. గట్టి కాగితం కావడంతో గదంతా వినబడింది. "నిన్న బ్రిడ్జి మీదికి పోయిన, రాజం. నీళ్ళల్ల చూసిన," అంది. అనసూర్య దాన్ని మమతకు పంపింది.

రైలు కదిలింది అన్నాడు సదానందం. కొంతసేపటికి పెద్దపల్లి వచ్చింది అన్నాడు. అక్కడ రెండే నిమిషాలు ఆగుతుంది. సారక్క గోడకు ఆనుకుని కింద కూర్చుని, కాగితం ముక్కలను ఇంకా చిన్న ముక్కలు చేస్తోంది.

ఫోన్ మోగింది. మమత రొప్పుతోంది. వెనక జనం, రైలు.

"దొరికిండక్కా. ఇన్నడు. రెండుసార్లు పెట్టుమన్నడు. ఇప్పుడు తలుపు కాడ నిలవడ్డడు, దిగుతలేడు. ఒక్కటే అడుగుతుండు. పోరడు గూడ వస్తుండా అని."

"రాడు!" సారక్క ఫోన్ మీద పడింది. "నేనొక్కదాన్నే. నేనొక్కదాన్నే వస్తున్న అని చెప్పు!"

కూత వినపడింది. తరవాత చక్రాల చప్పుడు. అది మెల్లగా మొదలై, గట్టిపడి, ఫోన్ నిండా అదే అయిపోయింది. సారక్క గొంతు చించుకుని అడుగుతోంది, "దిగిండా? ఓ పిల్లా, దిగిండా?" అటు నుంచి చక్రాలే జవాబు. అది తగ్గుతూ తగ్గుతూ దూరమైంది.

"మమతా?" అంది అనసూర్య.

"ఈడ్నే ఉన్నడక్కా. బెంచి మీద కూసున్నడు. నేను పక్కన కూసున్న గని, లేస్తే ఆపుడు నాతోని కాదు. ఇంకో బండి గంటన్నరకు ఉన్నది. జల్ది రాండ్రి."

సారక్క అప్పటికే గేటు దగ్గర ఉంది. అనసూర్య అలవాటు కొద్దీ, "ఆగు చెల్లె, తొవ్వల పడేముందు ఒక్క చిన్న ప్రార్థన…" అంటూ చేతులు జోడించబోయింది.

"నీ కాల్మొక్కుత అక్కా," అంది సారక్క, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ, "బస్సుల చేద్దువు రా."

అనసూర్య ప్రభువా అంటూనే ఆమె వెనక సందులోకి ఉరికింది.