అట్ట మీద డోలు

కొత్తపేట బస్టాండు పక్క సందులో ఉమామహేశ్వరి డీటీపీ షాపు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, జిరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు, ఏది కావాలన్నా అక్కడికే. నెలకోసారి 'గోదారి స్వరం' సంగీత పత్రికకి ముఖచిత్రం కూడా తనే వేస్తుంది. ఆ ముఖచిత్రాలు మోగుతాయి. ఫొటో తీసేటప్పుడు అందులోవాళ్ళేం వాయిస్తున్నారో అదే సన్నగా వినిపిస్తుంది. పోయిన నెల వీణ శ్రుతి దిగిందని చందాదారులు ఫోన్లు చేసి మరీ చివాట్లు పెట్టేరు. పాపం, ఉమ ఏం చేస్తుంది? ఫొటో తీసిన రోజు వాన.

ఆవేళ సన్నాయి నాగేంద్రబాబు గారు షాపులో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు. ఇన్నేళ్ళకి అట్ట మీద ఆయన బొమ్మ పడుతోంది మరి. ఐదింటికల్లా ఫైలు అమలాపురం ప్రెస్సుకి వెళ్ళాలి.

"వెనకాల ఆ పిల్లని తీసెయ్యండి ఉమగారూ," అన్నారు.

ఆ పిల్ల అనూరాధ, స్వయానా ఆయన మేనకోడలు. తండ్రి గంగయ్య బతికినన్నాళ్ళూ ఈయన పక్కనే డోలు వాయించేడు. ఆ చెయ్యే కూతురికొచ్చింది. ఫొటో రోజున మేళంలో డోలు కొట్టే శివనాగరాజు పి.గన్నవరంలో బస్సు తప్పిపోతే, గతిలేక ఈ పిల్లని కూర్చోబెట్టేరు. తీరా ఇప్పుడు అట్ట మీద పడితే ఊరూరా చూస్తారు. తాళి కట్టే వేళ గట్టిమేళం ఆడపిల్ల కొట్టడమేంటని పెళ్ళివారు వేరే మేళం చూసుకుంటారని ఆయన భయం.

"మీ మేనకోడలే కదండీ?" అంది ఉమ.

"కాబట్టే చెప్తున్నాను."

అనూరాధ అక్కడే, జిరాక్సు మిషను దగ్గరే ఉంది. మేళంలోకి రానివ్వనని మావయ్య తెగేసి చెప్పేక ఇంకేం చేస్తుంది? కువైట్‌లో ఇంటిపనికి ఒప్పుకుంది. ఏజెంటు జీపు ఐదింటికి వస్తుంది. బట్టల సంచీ కాళ్ళ దగ్గరుంది. మావయ్య మాటకి తలెత్తకుండా పాస్‌పోర్టు కాపీలు సంచీలో సర్దుకుంది.

ఉమ ముందు పత్రిక పేరు పెద్దది చేసి పిల్ల మీదకి జరిపింది. డోలు దుప్పటి కప్పుకున్నట్టు మోగింది.

"ఇంకా వినబడుతోందండీ!"

సరేనని పూర్తిగా చెరిపేసింది. సన్నాయి ఒక్కటే మిగిలింది. మొదట బాగానే ఎత్తుకుంది. మలుపు దగ్గర తడబడింది, పరుగెత్తింది, ఊపిరి చాలక తెగిపోయింది. నాగేంద్రబాబు గారు కండువాతో మెడ తుడుచుకున్నారు.

"మీ మిషన్లో ఏదో ఉందండీ."

"మిషన్లో ఏం లేదండి."

"అయితే మా శివనాగరాజు పాత ఫొటో ఉంది, అది అతికించండి."

అతికించింది. అది ఊరేగింపులో తీసిన ఫొటో. అయ్యబాబోయ్, ఇటు కీర్తన, అటు ఊరేగింపు దరువు! రెండూ జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. ఎదురు టీకొట్టు రమణమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"బాబుగారి సన్నాయేనా అండీ అది? ఒంట్లో బాగాలేదా?"

ఆయన మొహం మాడిపోయింది. ఇంతలో ఎడిటర్ బుచ్చిరాజు గారి ఫోను. "ఆయ్, పంపించేస్తున్నానండి," అంది ఉమ, నాగేంద్రబాబు గారి వంక చూస్తూ. బయట జీపు హారన్ కొట్టింది. అనూరాధ సంచీ భుజానికి తగిలించుకుంది.

"వెళ్ళొస్తాను మావయ్యా."

ఆయన కంప్యూటరు వైపు తిరిగేరు.

"ఉన్నదున్నట్టు పెట్టెయ్యండి," అన్నారు ఉమతో.

పిల్ల బొమ్మ మళ్ళీ వచ్చింది. డోలు మీద దెబ్బ పడింది, సన్నాయి కుదుటపడింది. ఈసారి ఆయన తన పాట కాదు, డోలే విన్నారు. ఊపిరి అందని చోటల్లా ఆ పిల్ల ఓ నాలుగు దెబ్బలు ఎక్కువేసి ఆయన్ని కాసింది. ఆ రోజు వాయించే ధ్యాసలో ఆయనకి తెలియనే లేదు. గంగయ్య బావ కూడా ఇలాగే కాసేవాడు. ఆ మనిషి కూతుర్నా నేను పరాయి దేశం అంట్లు తోమడానికి పంపుతున్నది అనుకునేసరికి ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి.

జీపు మళ్ళీ కూసింది. అనూరాధ గుమ్మం దాటింది.

"అనూ, ఆగవే! రేపు మురమళ్ళలో పెళ్ళుంది, రా."

ఆ పిల్ల వెనక్కి తిరిగింది. "ఫొటోకా మావయ్యా, మేళానికా?"

"మేళానికే."

"గట్టిమేళం ఎవరు కొడతారు?"

"నువ్వే."

"పెళ్ళివారు వద్దంటే?"

నాగేంద్రబాబు గారు కండువా దులిపి భుజానేసుకున్నారు. "అయితే సన్నాయి కూడా లేదంటాను."

అనూరాధ సంచీ కింద పడేసి, దాని మీదే కూలబడి భోరున ఏడ్చింది. ఆయన జీపువాడికి చెప్పి పంపెయ్యడానికి బయటికెళ్ళేరు.