గద్దల కోసం పెట్టిన నిప్పు

మా ఆయన యెసిద్‌కు పశువులు తోలడం తప్ప మరో పని రాదు. పెద్ద ఆసాముల మందల వెంట పడి ఏడాదిలో సగానికి పైగా ఇంటికి దూరంగానే ఉండేవాడు. పక్షులు చూడటానికి వచ్చేవాళ్లను జీపులో తిప్పితే ఇంటిపట్టున ఉండొచ్చని ఈ ఎండాకాలం నేనే పోరు పెట్టాను. మొదటి అతిథులు రాజధాని బొగొతా నుంచి వచ్చిన దోన్యా బ్లాంకా, ఆమె భర్త దోన్ ఎర్నాన్. వీళ్లు మెచ్చుకుని నలుగురికీ చెబితే సరి, లేకపోతే వానలకు ముందే యెసిద్ మళ్లీ గుర్రమెక్కి మందల వెంట పోవాల్సిందే.

పావుతో అనే మా నది వెంబడి రెండు రోజులు తిప్పాం. కొంగలు, బాతులు కావలసినన్ని కనిపించాయి. వాళ్లకు కావలసింది మాత్రం మోరిచె తాడితోపులో ఉండే పెద్ద రామచిలుకలు. అవి ఎండిన మానుల తొర్రల్లో పిల్లల్ని పొదువుకుని కూర్చున్నాయి. ఆ సంగతి మేం బయటివాళ్లకు చెప్పం. పిల్లల్ని ఎత్తుకుపోయి అమ్ముకునే దొంగలు ఎక్కువ. దోన్ ఎర్నాన్ మాటిమాటికీ వాచీ చూసుకుంటుంటే నాకు ఒళ్లు మండింది.

రెండో రోజు తోపు దగ్గర భోజనాలయ్యాక యెసిద్ నన్ను జీపు చాటుకు పిలిచాడు.

"కొంచెం గడ్డి అంటిస్తానే. గద్దలన్నీ వచ్చి వాల్తాయి. అవైనా చూసి సంతోషిస్తారు."

"మతి పోయిందా నీకు? తోపు పక్కనా?"

"గాలి నదివైపు కొడుతోందిగా. పుట్టినకాడి నుంచీ తగలబెడుతూనే ఉన్నాను, ఇప్పుడు నువ్వొచ్చి నేర్పుతావా?"

నిజమే, లేత గడ్డి మొలవాలని ఏటా మైదానం కాల్చడం మాకు మామూలే. మంట లేస్తే చాలు, పారిపోయే పాముల కోసం, మిడతల కోసం గద్దలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. నేను మళ్లీ నోరు తెరిచేలోపే అగ్గిపుల్ల గీశాడు.

"పక్క ఆసామి గడ్డి కాలుస్తున్నాడమ్మా, రండి రండి!" అని అతిథుల్ని పిలిచాడు.

గద్దలు వచ్చాయి. పొగలోంచి దూకి పాముల్ని తన్నుకుపోతుంటే దోన్ ఎర్నాన్ వాచీ మర్చిపోయాడు. యెసిద్ నావైపు చూసి కన్ను గీటాడు.

అంతలో గాలి తిరిగింది. యెసిద్ తడి గోనె పట్టుకుని పరుగెత్తాడు. నేను పచ్చి కొమ్మ విరుచుకుని వెంటపడ్డాను. ఎంత బాదినా లాభం లేకపోయింది. ఎండి వేలాడుతున్న తాటి మట్టలు ఒకదాని నుంచి ఇంకొకటి అంటుకుని తోపంతా భగ్గుమంది. చిలుకలు జంటలు జంటలుగా పైకి లేచి, గొంతు చించుకుని అరుస్తూ పొగ మీద తిరగసాగాయి. వాటి పిల్లలు కిందే ఉండిపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"అబ్బ, ఎన్ని చిలుకలు! ఎర్నాన్, చూడు చూడు!" దోన్యా బ్లాంకా దుర్భిణి దించడం లేదు. నా కన్నీళ్లు చూసి, "పొగ పడలేదా, పాపం" అంది.

యెసిద్ మసి మొహంతో తిరిగి వచ్చాడు. ఆమె అతని రెండు చేతులూ పట్టుకుంది.

"మా బృందాన్నంతా పంపిస్తానయ్యా. ఏటా వస్తాం. గడ్డి కాల్చేది ఎప్పుడో ముందుగా కబురు చెయ్యి, సరిగ్గా అప్పుడే దిగుతాం."

యెసిద్ తోపువైపు చూడలేదు, నావైపూ చూడలేదు.

"అలాగేనమ్మా" అన్నాడు.